ఒక్క గోలీ, ఒక్క మోత

బ్రికామా,
అక్టోబరు 9

ప్రియమైన నా బానిస సంకుంగ్‌కి,

మొదటి మాటకే ముక్కు ఎగరెయ్యకు. కమ్మరివాడు ఫులా జాతికి బానిస అని మా తాతలు మీ తాతల మొహం మీదే అన్నారు, నేను కొత్తగా కల్పించిందేమీ లేదు. నువ్వు తిరిగి నన్నే బానిస అంటావు, ఆవు తోక పట్టుకుని నడిచే జాతి అంటావు, అదీ విన్నదే. ఈ వయసులో నన్ను ఇలా తిట్టే హక్కున్నవాడివి నువ్వొక్కడివే మిగిలావు. అందుకే ఉత్తరం నీకు రాస్తున్నాను.

నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. బడి నుంచి రిటైరై రెండేళ్ళు ఇంట్లో ఈగలు తోలుకున్నాక ఎన్నికల ఆఫీసు వాళ్ళు పిలిచి, జనానికి ఓటు వెయ్యడం నేర్పే పని అప్పగించారు. ఓటు వెయ్యడం ఎవరికి రాదు అంటావేమో. డిసెంబరులో మనవైపు జరిగే కౌన్సిలు ఎన్నికకి పన్నెండు ఊళ్ళలో గోలీలు తీసేసి కాగితం పెట్టి చూస్తారట. ఆ పన్నెండులో మన దుతాకోటో ఉంది.

గోలీ మీద నాకు కోపమేమీ లేదు. మొదటిసారి ఆ గాజు గోలీ నా చేతిలో పెట్టినప్పుడు గట్టిగా గుప్పిట మూశాను. తెర వెనక్కి వెళ్ళి, నాకు నచ్చిన గుర్తున్న డ్రమ్ము గొట్టంలోకి జారవిడిస్తే లోపల గంట మోగింది. బయట బల్ల దగ్గర ఆఫీసరు తలూపాడు. ఒక్క గోలీ, ఒక్క మోత. రెండోసారి మోగిందంటే దొంగ ఓటు. చదువు రానివాళ్ళకి ఇంతకంటే తేలికైన పద్ధతి ఎక్కడుంది? కానీ ఈసారి మన వార్డుకే తొమ్మిదిమంది నిలబడ్డారు. తొమ్మిది ఇనప డ్రమ్ముల్ని ఆ బురద దారిలో ఎవరు మోస్తారు?

నేను ఈ పని ఒప్పుకున్నది మా ఆయన చెర్నో కోసం. దుతాకోటో బడికి పంతులుగా బదిలీ అయి వచ్చిన ఆ ఒక్క ఏడాదిలో పిల్లల చేత నల్లబల్ల మీద గీతలు పెట్టించి ఓటు ఆట ఆడించేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళో కాగితం మీద ఓటేసే మొదటివాళ్ళు మీరే అని పిల్లలకి చెప్పేవాడు. అలాంటి మనిషిని, తన ఓటు ఎవరికి పడిందో తెలిసిపోవడం వల్ల, నంబరు లేని బండిలో ఎక్కించుకుపోయారు. ఎనిమిది నెలల తరవాత వదిలిపెడితే వెన్ను నిలవని మనిషి ఇంటికొచ్చాడు. మరుసటి వానలు చూడలేదు.

అది గోలీ తప్పు కాదు. నోటి తప్పు. సర్కారుకి ఎదురు నిలబడ్డ కొంగ గుర్తుకి వేస్తానని చెర్నో అన్నది ఒకేఒక్క చోట, నా తమ్ముడు గిబెల్ ఇంట్లో, అన్నం ముందు. విన్నది నేనూ, గిబెలూ, వాడి పెళ్ళామూ. ఆ నెలలోనే గిబెల్‌కి పశువుల డిపోలో పని దొరికింది. పదకొండేళ్ళయింది వాడి మొహం చూసి. చచ్చేదాకా చూడను. అందుకే శిక్షణకి నేను రాకుండా ఫాతు అనే అమ్మాయిని పంపుతున్నాను.

నువ్వు చెయ్యాల్సిందల్లా ఊరంతా కూడే బంతాబా అరుగు మీద లేచి నిలబడి, కాగితం మంచిదే అని ఒక్క మాట చెప్పడం. ముప్పై ఏళ్ళుగా మన ఊరి డ్రమ్ములకి నూనె పెట్టి గంటలు సరిచేసినవాడివి. నువ్వు సరే అంటే ఊరంతా సరే అంటుంది.

నీ యజమానురాలు,
కుంబా బాల్దే


దుతాకోటో,
అక్టోబరు 21

ప్రియమైన నా బానిసపిల్ల కుంబాకి,

నీ ఇల్లు క్షేమమా, నీ పిల్లలు క్షేమమా, నీ మోకాళ్ళు క్షేమమా, నీకు లేని ఆవులు క్షేమమా? ఇక్కడ శాంతి తప్ప మరేమీ లేదు. వేరుశనగ పీకుతున్నారు. గునపాలకీ పారలకీ పదును పెట్టలేక నా భుజం ఊడిపోతోంది.

నీ ఉత్తరం డ్రైవర్ మోదూ తెచ్చిచ్చాడు. ఫోను కొనుక్కోవచ్చు కదా పెద్దాయనా అని వాడి గోల. ఫోనులో మనిషి గొంతు నలిగిపోయి వస్తుంది, నేను వినలేను. అరబ్బీ అక్షరాల్లో నేను గిలికే మండింకా భాష చదవడం నీకు వచ్చినంతకాలం నాకు ఫోనుతో పనిలేదు.

నువ్వు పంపిన ఫాతు వచ్చింది. మంచి పిల్ల, కాకపోతే పాఠం చెప్పినట్టు మాట్లాడుతుంది. అందరికీ నమూనా కాగితం ఇచ్చి, మీకు నచ్చిన గుర్తు పక్కన గీత పెట్టండి అంది. న్యిమా అవ్వ తొమ్మిది గుర్తులకీ గీతలు పెట్టింది. "ఇలా వేస్తే చెల్లదు అవ్వా" అంటే, "నా తల్లీ, అందరూ మన పిల్లలే, ఎవర్ని నొప్పించమంటావు?" అంది. ఇంకొకాయన ఆ కాగితంలో నములుకునే కోలా కాయలు పొట్లం కట్టుకుని పోయాడు. ఫాతు మొహం చూస్తే జాలేసింది.

లేచి మాట్లాడమన్నావు. మాట్లాడాను. కానీ నువ్వు చెప్పమన్నది కాదు.

కాగితం మూగది కుంబా. గోలీ వేస్తే వేసినవాడికి వినపడుతుంది, ఆఫీసరుకి వినపడుతుంది, గోడ అవతల బిడ్డకి పాలిచ్చుకుంటున్న తల్లికి వినపడుతుంది. ఆ రోజు చుట్టుపక్కల సైకిళ్ళ గంటలు కూడా విప్పించేవాళ్ళం, పొరపాటు పడకూడదని. పడిన గోలీ రెండో చప్పుడు చెయ్యకూడదని డ్రమ్ము అడుగున నా చేత్తో ఇసుక పోసేవాణ్ణి. సాయంత్రం చిల్లుల పలక మీద గోలీలు పరిస్తే చదువు రానివాడు కూడా లెక్క సరిచూసుకునేవాడు. మరి కాగితమో? మడిచి పెట్టెలో వేశాక లోపల ఏమవుతుందో ఎవరికి తెలుసు? గీత పక్కకి పోయింది, చెల్లదు అని ఆఫీసరు అంటే నేనెవరికి మొరపెట్టుకోవాలి? గోలీ ఎప్పుడైనా పక్కకి పోయిందా? ఇదే చెప్పాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఊరిపెద్ద, మన అల్కాలో, ఇంటికి మర్యాదగా కోలా కాయలు పంపాడు. ఈసారి లాంతరు గుర్తు మీద నిలబడింది ఆయన మేనల్లుడేలే.

గిబెల్ ఆ రోజు వెనక వరసలో కూర్చున్నాడు. వాడి మీద నీకింత పగ మంచిది కాదేమో. మనిషి ఓటు బయటపడడానికి సవాలక్ష దారులుంటాయి.

ఒక్క సాయం చేసిపెట్టు. బడి గదిలో తాళం వేసి ఉన్న ఆ పాత డ్రమ్ములు రెండూ ఇక ఆఫీసుకి ఎందుకూ పనికిరావు కదా. నాకిప్పించు. ఇనుము మంచిది, పారలు చేసుకుంటాను.

నీ యజమాని,
సంకుంగ్ కాంతే


బ్రికామా,
నవంబరు 3

ప్రియమైన మసిమొహం సంకుంగ్‌కి,

చప్పట్లు కొట్టించుకున్నావన్నమాట. సంతోషం. నీ ప్రసంగం అయ్యాక రెండోసారి వెళ్ళిన ఫాతుని ఊరి మొదట్లోనే ఆపేసి, మూగ కాగితాలు మాకొద్దు పొమ్మన్నారట. ఆ పిల్ల జీపులో ఏడ్చుకుంటూ వచ్చింది. మా ఆఫీసరు నన్ను పిలిచి, మీ ఊరివాళ్ళు మీ మాటే వినకపోతే ఇంకెవరు వింటారండీ అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పగవాళ్ళు చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నువ్వు చేశావు.

నీ పాత ఇనుము ఆశ వదులుకో. పన్నెండు ఊళ్ళ డ్రమ్ములన్నీ ఇక్కడి స్టోరుకి తెప్పించేశారు. నిన్న లెక్క చూసుకునే పని నాకు పడింది. ఊరికే ఉండలేక సంచీలోంచి గోలీలు తీసి ఒక్కో డ్రమ్ములో వేస్తూ పోయాను. ఏ ఊరివి ఆ ఊరివి జతలు జతలు ఒకేలా మోగాయి. మనవి మాత్రం వేరు. లాంతరు డ్రమ్ము బొంగురుగా, కొంగ డ్రమ్ము సన్నగా. నమ్మలేక, స్టోరు గుమాస్తాని వెయ్యమని నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. పదిసార్లు వేశాడు. పదిసార్లూ ఏ డ్రమ్మో సరిగ్గా చెప్పాను. నా చెవి సంగతి నీకు తెలియందేముంది, పెళ్ళిళ్ళలో తాళం తప్పి చప్పట్లు కొట్టేదాన్ని.

ఏమిటిది? తుప్పు పట్టిందా? నూనె పెట్టడం మానేసి టీ తాగుతూ కూర్చున్నావా?

కోపంగానే,
కుంబా


దుతాకోటో,
నవంబరు 9

ప్రియమైన కుంబాకి,

తుప్పే. ఆ బడి గది కురుస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా రేకులు మార్చలేదు. గంట అన్నాక ఏళ్ళు గడిస్తే గొంతు మారుతుంది, మనకి మారలేదా?

దీన్ని ఆఫీసు కాగితాల్లో ఎక్కించకు. నవ్వుతారు. వాటిని పాత సామాన్లవాడికి వేసేయమను.

కొలిమి దగ్గర పని చాలా ఉంది. మళ్ళీ రాస్తాను.

సంకుంగ్


బ్రికామా,
నవంబరు 16

సంకుంగ్‌కి,

స్టోరు గుమాస్తా చేత కొంగ డ్రమ్ము పైమూత విప్పించాను. గంటని బొటనవేలితో తడిమి చూశాను. తుప్పయితే గరుకుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. అంచు చుట్టూ సమంగా ఆకురాయితో అరగదీసిన పని. మన ఊళ్ళో ఆ పని అంత నేర్పుగా చేసే చేతులు ఒక్క జతే ఉన్నాయి.

అప్పటి నుంచి ఒకటే గుర్తొస్తోంది. ఆ ఏడు పోలింగు రోజున చెర్నో ముందు, నేను వెనక. బల్ల దగ్గర జాబితా చూసి పేరు గట్టిగా పిలుస్తారు కదా, "చెర్నో జాలో" అని పిలిచారు. నువ్వు బడి గోడకి ఆనుకుని, నూనె డబ్బా పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నావు. కమ్మరివాడు పట్టపగలే కునుకు తీస్తున్నాడని నేను నవ్వాను. మామూలుగా అయితే నువ్వు వెంటనే నాకేదో తిట్టు వడ్డించేవాడివి. ఆ రోజు కళ్ళు తెరవలేదు.

పేరు వినపడుతుంది. తరవాత మోత వినపడుతుంది. అంతే కదా? ఇంక తెర ఎందుకు?

నేను అనుకుంటున్నది తప్పని రాయి. తప్పని రాస్తే నమ్ముతాను, నమ్మాలని ఉంది. ఫులాకీ కమ్మరికీ మధ్య కీడు జరగకూడదని మన పెద్దలు పెట్టుకున్న ఒట్టు ఉంది. ఆ ఒట్టు మీద రాయి.

కుంబా


దుతాకోటో,
నవంబరు 27

కుంబాకి,

తప్పని రాయలేను. పది రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొదట అది ఆట. అప్పటికి నువ్వు ఊళ్ళో లేవు, బస్సే పట్నంలో పాఠాలు చెప్పుకుంటున్నావు. ఒక ఎన్నిక మర్నాడు అరుగు మీద టీ కాచుకుంటున్నాం. పార మోగిస్తే పగులు ఎక్కడుందో చెప్పేవాణ్ణి, గంట మోగితే ఏ డ్రమ్మో తెలియకపోతుందా? "నువ్వు లాంతరు, నువ్వు కొంగ, నీ పెళ్ళాం నీకు తెలియకుండా కొంగ" అని వరసపెట్టి చెప్పేశాను. ఒక్కటీ తప్పు పోలేదు. పొట్ట పట్టుకుని నవ్వారందరూ. ఆ రోజు నాకెంత గర్వమో చెప్పలేను. ఆ సాయంత్రమే అల్కాలో నన్ను రమ్మని కబురు పెట్టాడు.

ఆయన బెదిరించాడని రాస్తే నీకు కొంచెం ఊరటగా ఉండేదేమో. బెదిరించలేదు. తన చాప మీద, తన పక్కన కూర్చోబెట్టాడు. నీ చెవి ఊరికే ఆస్తి అన్నాడు. కమ్మరివాణ్ణి తన చాప మీద కూర్చోబెట్టిన పెద్దమనిషిని నేను అదే చూడ్డం. దానికే పడిపోయాను.

ఆ తరవాత ప్రతి ఎన్నికకీ గోడ దగ్గర కూర్చున్నాను. సాయంత్రం వెళ్ళి పేర్లు చెప్పాను. ఒకరికి విత్తనాలు ఆలస్యంగా అందేవి. ఒకరి కొడుక్కి కాగితాల మీద అల్కాలో సంతకం దొరికేది కాదు. చిన్న విషయాలే కదా అని సరిపెట్టుకున్నాను.

చెర్నో వేసిన ఏడాదికి నా చెవి తగ్గింది. అన్నేళ్ళు సుత్తి చప్పుడు పక్కన బతికినవాడికి తగ్గదా? ఆ మాట అల్కాలోకి చెప్పడానికి సిగ్గేసింది. సరిగ్గా వినపడక ఏ పాపం ఎరుగనివాడి పేరో చెబుతానేమోనని భయం కూడా వేసింది. అందుకని కొంగ గంట అంచు అరగదీశాను. తప్పు జరగకుండా జాగ్రత్త పడుతున్నాననే అనుకున్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలని ఉంది.

ఆ రోజు నూట డెబ్భైమంది వేశారు. సన్నగా మోగింది ఒక్కసారే.

నీ పేరు చెర్నో తరవాత పిలిచారు. నీది బొంగురుగా మోగింది కుంబా. ఆ సంగతి చెర్నోకి నేనెప్పుడూ చెప్పలేదు.

గిబెల్‌కి ఇదంతా తెలుసు. చెర్నోని తీసుకెళ్ళిన మర్నాడే కొలిమికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. వాడి కాళ్ళు పట్టుకున్నాను. నీకు తెలిసి కోపంతో ఊరు దాటావంటే ఈ మాట పై ఆఫీసులకి పోతుందని, నన్ను బతకనివ్వరని ఏడ్చాను. పశువుల డిపోలో పని నేనే అడిగి ఇప్పించాను. వాడు నాకంటే మంచివాడు. "అక్క నేనే పట్టిచ్చానని అనుకుంటోంది" అని ఒకసారి అన్నాడు, అంతే. ఫులావాడు కమ్మరిని వీధిలోకి ఈడ్వకూడదన్న మాట వాడు నిలబెట్టాడు. నేను నిలబెట్టలేదు.

సంకుంగ్


బ్రికామా,
డిసెంబరు 2

సంకుంగ్ కాంతేకి,

చదివాను.

నాది బొంగురుగా మోగిన మాట నిజమే. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ముగ్గురూ బడికెళ్ళేవాళ్ళే. ఎలాగో తెలిసిపోతుందని భయపడ్డాను. చెర్నోకి చెప్పలేదు, చచ్చిపోయేటప్పుడు కూడా చెప్పలేదు. అది నాకూ దేవుడికీ మాత్రమే తెలుసని పదకొండేళ్ళు అనుకున్నాను. నీకూ తెలుసన్నమాట. అల్కాలోకీ తెలుసన్నమాట.

వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక అరుగు మీద లేచి, నాకు రాసినదంతా ఊరికి చెప్పు. గోలీ అంత నిజాయితీ ఇంకెక్కడా లేదని వాళ్ళని నమ్మించింది నువ్వు. ఆ నమ్మకం ఏమిటో వాళ్ళకి తెలియాలి. తెలిశాక కాగితం కావాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటారు. గిబెల్ కూడా అక్కడ ఉండి వినాలి.

నన్ను బానిసా అని ఇంకెప్పుడూ పిలవకు.

కుంబా బాల్దే


దుతాకోటో,
డిసెంబరు 15

కుంబాకి,

చెప్పాను. శుక్రవారం, అందరూ ఉండగా, అల్కాలో తన కుర్చీలో ఉండగా, ఆకురాయి సంగతితో సహా చెప్పాను. రాళ్ళు పడతాయనే అనుకుని వెళ్ళాను. నిజానికి పడితే బాగుండుననుకున్నాను.

ఒక్క రాయీ లేవలేదు. చివరికి న్యిమా అవ్వ, "అయిపోయిందా? ఇంతేనా?" అంది.

"ఇంతే" అన్నాను.

"దీనికా ఇంత ఏడుపు మొహం పెట్టావు! అది అందరికీ తెలిసిందే కదరా. నువ్వు టీ దగ్గర కూసిన రోజు నుంచీ తెలుసు. మా ఆయన లాంతరుకి ఎందుకు వేసేవాడనుకున్నావు, దాని వెలుగు చూసా?"

కొందరు నవ్వారు. అవ్వ ఆగలేదు. "నువ్వు గోడ దగ్గర ఉన్నావని చూసుకుని మరీ లోపలికి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు నువ్వు కళ్ళు మూసుకుంటే నాకు గుండె ఆగినంత పనైంది. కునుకు తీస్తున్నావేమో, నా గంట వినలేదేమో, లెక్కలో నన్ను కొంగ కింద రాసేస్తావేమో అని."

నా చెవి రహస్యం అని నేనొక్కణ్ణే అనుకున్నాను కుంబా. గోలీ మంచిదని నేను చెప్పినప్పుడు వాళ్ళు కొట్టిన చప్పట్లు ఓటు భద్రంగా ఉంటుందని కాదు. గోలీ మోగితే తాము మాట విన్నామని పెద్దలకి వినపడుతుందని.

అప్పుడు వెనకనుంచి గిబెల్ లేచాడు. "మరి పంతులుకి ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆఖరికి అవ్వే, "బయటి ఊరివాడు, చదువుకున్నవాడు, తెలిసే ఉంటుందనుకున్నాం" అంది.

"నేను అలా అనుకోలేదు" అన్నాడు గిబెల్. "నా ఇంట్లో అన్నం తింటూ కొంగకి వేస్తానన్నాడు. గోడ దగ్గర కమ్మరివాడు వింటాడని ఆయనకి తెలియదని నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. మన ఊళ్ళో ఒక్కడైనా వేస్తే చూడాలనిపించింది. నాకు లేని ధైర్యం ఆయన చేత చేయించాను." అని కూర్చున్నాడు.

తరవాత వాడి పక్కన చేరి, మీ అక్కకి ఏమని రాయను అని అడిగాను. "అక్క అడిగి ఉంటే చెప్పేవాణ్ణి, నేను పట్టివ్వలేదు, కానీ ఆపలేదు అని. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. తనే తేల్చేసుకుంది" అన్నాడు. వాడు అన్నది అన్నట్టే రాశాను.

ఇక కాగితం సంగతి. డ్రమ్ములు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి చేసేదేమీ లేదని ఊరు ఒప్పుకుంది. కాకపోతే ఒకాయన లేచి, "కాగితం మడిచి వేసేస్తే మేం చెప్పినట్టు వేశామని ఎవరికి తెలుస్తుంది? రేపు ఏదైనా తేడా వస్తే అందరి మీదా పడుతుంది" అన్నాడు. దానికి అందరూ తలలూపారు. అల్కాలో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం ఆయనకి రాలేదు.

మొన్న బుధవారం పోలింగు. నీ ఫాతు అన్నీ చక్కగా అమర్చింది, తెర కట్టించింది. తెర వెనక గీత పెట్టి బయటికొచ్చిన ప్రతివాడూ కాగితం మడవకుండా తలపైకెత్తి, అరుగు మీద కూర్చున్న అల్కాలోకి చూపించి, అప్పుడు పెట్టెలో వేశాడు. న్యిమా అవ్వ ఈసారి ఒక్క గీతే పెట్టింది, లాంతరు పక్కన, బాగా ఒత్తిపెట్టి. ఫాతు ఒక్కొక్కరి వెనకా పడి, "మడవండి, దయచేసి మడవండి" అని బతిమాలింది. పోలీసాయన కూడా చెప్పి చూశాడు. నీళ్ళు తాగడానికి కూడా కూర్చోలేదు ఆ పిల్ల.

మడిచింది గిబెల్ ఒక్కడే. నాలుగు మడతలు పెట్టి, ఎవరివైపూ చూడకుండా పెట్టెలో వేసి ఇంటికి పోయాడు.

సాయంత్రం పెట్టె తెరిస్తే మడతలున్న కాగితం ఒక్కటే వచ్చింది. ఆఫీసరు విప్పి, కొంగ అని చదివాడు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. నిన్న ఉదయం పశువుల డిపో నుంచి మనిషి వచ్చి వాడి తాళాలు తీసుకుపోయాడు. రోజులు మారాయని రేడియోలో చెబుతున్నారు, నిజమే కావచ్చు, కానీ నాకు భయంగా ఉంది. మోదూ బండి శనివారం తిరిగొస్తుంది. దాంట్లో ఎక్కి వచ్చి నీ తమ్ముణ్ణి కొన్నాళ్ళు నీ దగ్గరికి తీసుకుపో. నువ్వు వచ్చి పిలిస్తే తప్ప వాడు కదలడు.

నేనేం చేశానని నువ్వు అడక్కుండా ఉండవు. వరసలో గిబెల్ తరవాత నేనే. తెర వెనక కొంగ పక్కనే గీత పెడదామని పెన్సిలు ఆనించాను. లాంతరు పక్కన పెట్టాను. మడుద్దామని కాగితం అంచులు కూడా కలిపాను. అల్కాలో నావైపు చూశాడు. విప్పి, పైకెత్తి చూపించాను.

సంకుంగ్ కాంతే